ఈమధ్య చూసినవాటిలో మిమ్మల్ని వదలనిది ఏది?

సెకండ్‌షో:
సినిమా అయినా సిరీస్ అయినా పర్లేదు, కథంతా చెప్పేయకుండా ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో నాలుగు మాటల్లో రాయండి. నేను 'అడోలసెన్స్' (2025) పూర్తి చేశాను. నాలుగే ఎపిసోడ్లు, ఒక్కొక్కటీ కట్ లేకుండా ఒకే షాట్. పదమూడేళ్ల కుర్రాణ్ణి హత్య కేసులో అరెస్టు చేస్తారు, పోలీసులు తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చిన దగ్గర్నుంచి కెమెరా ఆగదు, మనకూ ఊపిరి తీసుకునే సందు దొరకదు. మూడో ఎపిసోడ్ దాదాపు మొత్తం ఒకే గదిలో, ఆ పిల్లాడూ సైకాలజిస్టూ ఎదురెదురుగా. మామూలుగా మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి లేచి అరుస్తాడు, కాసేపటికే మళ్లీ చిన్నపిల్లాడైపోతాడు. ఆ పిల్లాడిగా చేసిన ఓవెన్ కూపర్‌కి నటనలో అదే మొదటి పాత్రంటే నమ్మబుద్ధి కాలేదు.

ఇంటర్వెల్:
మూడో ఎపిసోడ్ గురించి మీరన్నది నిజం. ఆ పిల్లాడు కొరికి వదిలేసిన శాండ్‌విచ్‌ని చివర్లో ఆ సైకాలజిస్టు ముట్టుకోలేక చెయ్యి వెనక్కి తీసుకోవడం చాలు నాకు. కానీ రెండోది నచ్చలేదు. స్కూల్ కారిడార్లలో తిరగడమే సరిపోయింది, చివర్లో కెమెరా గాల్లోకి లేచి వెళ్లి ఆ కుర్రాడి తండ్రి దగ్గర దిగుతుంది కదా, అక్కడ 'ఎలా తీశారబ్బా' అన్న ఆలోచనే ముందొచ్చింది, ఆయన బాధ తర్వాతే గుర్తొచ్చింది. అణు రియాక్టర్ పేలుడు మీద తీసిన సిరీస్ 'చెర్నోబిల్' (2019) లో పైకప్పు సీన్ చూడండి. రేడియేషన్‌కి రోబోలు పనిచెయ్యక మనుషుల్ని పంపుతారు, ఒక్కొక్కరికీ తొంభై సెకన్లే టైం, ఆ తొంభై సెకన్లూ కట్ లేదు. పారతో గ్రాఫైట్ ఎత్తి కిందకి తోస్తున్నవాడి కాలు తట్టుకున్నప్పుడు నా గుండె ఆగినంత పనైంది. కట్ చెయ్యకపోవడానికి అక్కడ కారణం ఉంది.

చివరివరుస:
ఈ టెన్షన్ వద్దనుకునేవాళ్లు 'పర్ఫెక్ట్ డేస్' (2023) చూడండి. టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు కడిగే మనిషి రోజువారీ బతుకు, అంతే. కంటికి కనపడని చోటు కూడా శుభ్రంగా ఉందో లేదో చిన్న అద్దం పెట్టి చూసుకుంటాడు, వ్యాన్‌లో క్యాసెట్లు వింటాడు, చెట్ల ఆకుల్లోంచి పడే వెలుగుని ఫొటో తీసుకుంటాడు. మొదటి అరగంట నాకూ ఓపిక పట్టాల్సొచ్చింది, కానీ ఆఖర్లో డ్రైవ్ చేస్తూ ఆయన మొహంలో నవ్వూ ఏడుపూ ఒకదాని మీదొకటి వస్తుంటే కదల్లేకపోయాను. ఆ పాత్ర చేసిన కోజి యకుషోకి కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి అవార్డు ఊరికే రాలేదు. ఒక్క డైలాగూ లేకుండా ఒక మొహాన్ని అంతసేపు చూపించే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

సెకండ్‌షో:
@ఇంటర్వెల్ రెండో ఎపిసోడ్ విషయంలో నేను ఒప్పుకోను. పిల్లలు ఇన్‌స్టాలో ఎమోజీలతో ఏం మాట్లాడుకుంటున్నారో అంత అనుభవమున్న పోలీసుకి తన కొడుకే విడమరిచి చెప్పాల్సొచ్చింది, అది లేకపోతే కథే లేదు. చెర్నోబిల్ మాత్రం చూడలేదు, ఈ వారమే మొదలుపెడతా. ఆ సీన్ ఏ ఎపిసోడ్‌లో?

ఇంటర్వెల్:
నాలుగో దాంట్లో, మొత్తం అయిదు. ఊళ్లలో వదిలేసిన కుక్కల్ని కాల్చేది కూడా అందులోనే, జంతువులంటే ప్రాణమైతే ఆ భాగం దాటేయండి.