కష్టాల్లో విశ్వాసం పెరగాలి అంటారు, నాకు తగ్గిపోతోంది. ఇందులో ఎదుగుదల ఎక్కడుంది?

ఓలివ_ఆకు:
అందరికీ వందనాలు. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా వారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి, రోజు మార్చి రోజు డయాలసిస్. ఉద్యోగం మానేయాల్సి వచ్చింది, ఇప్పుడు ఇల్లంతా నా జీతం మీదే, పిల్లలేమో చిన్నవాళ్ళు. ఇదంతా ఎలాగోలా లాక్కొస్తున్నాం, నేను అడగాలనుకున్నది దాని గురించి కాదు.

నేను సండే స్కూల్లో పెరిగినదాన్ని, యాకోబు పత్రిక మొదటి అధ్యాయం నోటికి వచ్చు, "మీరు నానావిధములైన శోధనలలో పడునప్పుడు, అది మహానందమని యెంచుకొనుడి" అని పిల్లలకి నేనే నేర్పించాను. ఇప్పుడు ఆ వాక్యం కనబడితే కోపం వస్తోంది, నిజంగా కోపమే. హాస్పిటల్లో ఆయన పక్కన కుర్చీలో కూర్చుని ఫోన్లో బైబిల్ తెరుస్తాను, ఆ సన్న గొట్టాల్లో ఆయన రక్తం మెషిన్లోకి వెళ్ళి మళ్ళీ వెనక్కి రావడం చూస్తూ ఉండిపోతాను, ఎప్పటికో ఫోన్ వంక చూస్తే స్క్రీన్ ఆరిపోయి ఉంటుంది, ఒక్క వచనం కూడా చదివి ఉండను. ప్రార్థన అంటారా, "ప్రభువా" అంటాను, ఆ తర్వాత మాట రాదు.

దీనికి తోడు ప్రార్థన కూడికలో ఒకరు "ఒప్పుకోని పాపం ఏమైనా ఉందేమో చూసుకోండి, విశ్వాసంతో అడిగితే దేవుడు స్వస్థత ఇవ్వకుండా ఉంటాడా" అన్నారు. మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ మా వారు ఆ రోజు నుంచి కూడికకి రావడం మానేశారు, అడిగితే "వద్దులే" అని గోడవైపు తిరిగి పడుకుంటున్నారు.

శ్రమల వల్ల ఆత్మీయంగా ఎదుగుతాం అని అందరూ అంటారు కదా, నాకు మాత్రం ఉన్న విశ్వాసం కూడా జారిపోతున్నట్టు ఉంది. ఎదుగుదల అంటే అసలు ఎలా ఉంటుంది? లోపల ఇంత ఎండిపోయినవాళ్ళని కూడా దేవుడు ఎదిగిస్తాడా?

మార్త_ఇంటి_గడప:
తల్లీ, వందనాలు. నీ పోస్టు రెండుసార్లు చదివాను. ముందు ఆ పాపం మాట సంగతి తేల్చేద్దాం ఎందుకంటే మీ ఆయన గుండెల్లో గుచ్చుకుంది అదే.

యోహాను 9లో పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు ఇదే అడిగారు, వీడు పాపం చేశాడా వీడి కన్నవాళ్ళా అని. వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు అని యేసయ్య అక్కడికక్కడే చెప్పేశాడు. లూకా 13లో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఆయనే ఎత్తి, వాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎక్కువ అపరాధులనుకుంటున్నారా అని అడిగి, కాదు అన్నాడు. రోగం చూసి దాని వెనక పాపం వెతకడం ఆయనకి నచ్చే పనైతే అక్కడే చెప్పేవాడు కదమ్మా.

అన్నీ పోగొట్టుకుని రోగంతో కూర్చున్న యోబు స్నేహితుల సంగతి చూడు. వాళ్ళు వచ్చి ఏడు రాత్రింబగళ్ళు నేలమీద అతనితో ఊరికే కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. వాళ్ళు చేసిన పనుల్లో మంచిది అదొక్కటే అని నేను గట్టిగా నమ్ముతాను. నోరు తెరిచిన దగ్గర్నుంచి "నువ్వేదో చేసే ఉంటావు" అన్నదే వాళ్ళ పాట. చివర్లో 42వ అధ్యాయంలో దేవుడు కోప్పడింది వాళ్ళ మీద, పుట్టిన దినాన్ని శపించుకుని అంతలా అరిచిన యోబు మీద కాదు. నన్ను గూర్చి సరైనది పలికింది నా సేవకుడైన యోబే అన్నాడు.

ఇంకొకటి, ఇది మీ ఆయనకి చదివి వినిపించు. ఎఫెసులో పౌలు ఒంటిమీది చేతిగుడ్డలు తీసుకెళ్ళి వేస్తే రోగులు బాగయ్యారని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. అదే పౌలు 2 తిమోతి 4:20లో ఏం రాశాడో చూడు, తనతో కలిసి తిరిగిన త్రోఫిము రోగియైనందున అతణ్ణి మిలేతులో విడిచి వచ్చాను అని. అంతే, వేరే వివరణ లేదు, త్రోఫిముకి విశ్వాసం తక్కువని లేదు, పౌలు ప్రార్థనలో బలం తగ్గిందని లేదు. పౌలు శిష్యుడు తిమోతికేమో తరచుగా వచ్చే బలహీనతలు, కడుపు జబ్బు. వీళ్ళంతా నమ్మకం లేనివాళ్ళా?

మా అత్తగారు మంచాన పడినప్పుడు నేనూ ఈ మాటలన్నీ పడ్డాను. అందుకే కొంచెం గట్టిగా రాశాను, ఏమనుకోకు.

బెరయవాడు:
ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. పైన అక్క రాసినదానికి ఆమెన్. నేను ఎదుగుదల ప్రశ్న వరకే రాస్తాను.

యాకోబు 1ని మనం 4వ వచనం దగ్గర ఆపేస్తాం, సండే స్కూల్లో కూడా అక్కడికే నేర్పుతాం. 2లో ఆనందం, 3లో ఓర్పు, 4లో సంపూర్ణులు, అయిపోయింది. కానీ ఆయన వెంటనే 5లో, మీలో ఎవరికైనా జ్ఞానం కొదువగా ఉంటే దేవుణ్ణి అడగండి, ఆయన "ఎవనిని గద్దింపక అందరికిని ధారాళముగ దయచేయువాడు" అంటాడు. అంటే శోధనలో పడ్డవాడికి ఏం చేయాలో తోచదు అని యాకోబుకి తెలుసు, అడిగితే "ఇంత కాలం నుంచి విశ్వాసివి, ఇది కూడా తెలీదా" అని దేవుడు కసురుకోడు అని ముందే చెప్పి ఉంచాడు. ఆ పత్రిక చెదిరిపోయి బతుకుతున్నవాళ్ళకి రాసింది సిస్టర్, సుఖంగా కూర్చున్నవాళ్ళకి కాదు. కిడ్నీ పాడైనందుకు సంతోషించు అని అందులో ఎక్కడా లేదు, ఆ పరీక్ష నీలో ఓర్పు పుట్టిస్తుంది కాబట్టి అని కారణం చెప్పాడు.

రోమా 5లో ఆ వరస ఇంకా వివరంగా ఉంది. శ్రమ వల్ల ఓర్పు, ఓర్పు వల్ల పరీక్ష (అంటే పరీక్షలో నిలిచిన గుణం), పరీక్ష వల్ల నిరీక్షణ, అంటే ఆశ. నిరీక్షణ చివర్లో వస్తుంది గమనించండి. మనం దాన్ని మొదటి రోజే వెతుక్కుంటాం, దొరక్కపోతే విశ్వాసం పోయింది అనుకుంటాం. మీరిప్పుడు ఉన్నది ఓర్పు దగ్గర, అక్కడ ఉన్నవాళ్ళకి లోపల ఏమీ గొప్పగా అనిపించదు, రోజు గడపడమే సరిపోతుంది.

హెబ్రీ 5 చూస్తే, యేసు ప్రభువే తన శరీర దినాల్లో మహా రోదనంతో కన్నీళ్ళతో ప్రార్థించాడు, "కుమారుడైయుండియు తాను పొందిన శ్రమలవలన విధేయతను నేర్చుకొనెను" అని రాసి ఉంది. అదే అధ్యాయం చివర్లో బలమైన ఆహారం తినే వయసు వచ్చినవాళ్ళు అంటే ఎవరో చెప్తాడు, అభ్యాసం వల్ల మేలు కీడులు తెలుసుకోగలిగినవాళ్ళు అని. ఎంతసేపు ప్రార్థన చేస్తారు, కళ్ళల్లో నీళ్ళు వస్తాయా, ఇవేవీ అక్కడ కొలత కాదు.

యోసేపుని సొంత అన్నలే అమ్మేసేనాటికి 17 ఏళ్ళు, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేనాటికి 30. ఆ మధ్య 13 ఏళ్ళలో అతను ఏం ప్రార్థించాడో, దేవుని సన్నిధి ఎలా అనుభవించాడో ఒక్క ముక్క కూడా రాయలేదు. రాసింది ఏంటంటే, జైల్లో ఒక రోజు పొద్దున్నే ఫరో దగ్గర పనిచేసిన పానదాయకుడు (పానీయాలు అందించేవాడు), భక్ష్యకారుడు (రొట్టెలు చేసేవాడు) దిగులుగా ఉండడం చూసి, మీ ముఖాలు ఎందుకు అలా ఉన్నాయి అని అడిగాడని (ఆదికాండము 40). తనే చేయని నేరానికి జైల్లో ఉన్నాడు, అయినా పక్కవాడి ముఖం చూశాడు. ఎదుగుదల ఎలా ఉంటుంది అని ఎవరైనా అడిగితే నేను ఈ వచనమే చూపిస్తాను. మీరు ఇంత అలసటలో కూడా మీ వారు గోడవైపు తిరిగి పడుకోవడం చూశారు, దాని గురించి బాధపడి ఇక్కడికి వచ్చి అడిగారు. విశ్వాసం జారిపోతున్న మనిషి చేసే పని కాదు సిస్టర్ అది.

దీపస్తంభం:
అందరికీ వందనాలు. ఒక్క విషయంలో నాకు కొంచెం భయంగా ఉంది, చెప్పకపోతే మనసు ఒప్పుకోదు. కోపం వచ్చినా పర్లేదు, అరిచినా పర్లేదు అని మరీ ఎక్కువ చెప్తున్నామేమో. 1 కొరింథీ 10లో సణుగకండి అని ఉంది కదా, అరణ్యంలో సణిగిన ఇశ్రాయేలీయులు ఏమయ్యారో సంఖ్యాకాండంలో చదివాం. సిస్టర్ బాధ నాకు అర్థమైంది, తీర్పు తీర్చట్లేదు. కాకపోతే కోపం అలవాటైపోతే తర్వాత మనసు రాయైపోతుంది, అలా అయినవాళ్ళని దగ్గరగా చూశాను.

మార్త_ఇంటి_గడప:
బాబూ, నీ భయంలో నిజముంది. కానీ సణుగుడు వేరు, మొర వేరు. సంఖ్యాకాండము 14లో వాళ్ళేం చేశారు? మనకొక నాయకుణ్ణి పెట్టుకుని ఐగుప్తుకి తిరిగి పోదాం అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకున్నారు. దేవుని గురించి మాట్లాడారు గానీ దేవునితో మాట్లాడలేదు, వెనక్కి తిరిగి పోవడానికి సిద్ధపడ్డారు. దావీదు 13వ కీర్తనలో "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు" అని ఎవరిని అడిగాడు? ఆయన ముఖం మీదే అడిగాడు.

88వ కీర్తన చదువు తల్లీ, ఓలివ ఆకూ, నీకే చెప్తున్నా. కీర్తనల్లో అంత చీకటిది ఇంకోటి లేదు, చివరి మాట కూడా చీకటే, చాలా మొర కీర్తనల్లోలాగా ఆఖర్లో స్తుతి కూడా ఉండదు. అయినా దేవుడు దాన్ని తన గ్రంథంలో ఉంచాడు. అది రాసిన హేమాను మొదటి వచనంలో నా రక్షణకర్తవగు దేవా అని పిలుస్తాడు, ఆ తర్వాత ఒక్క మంచి మాట రాదు అతనికి, కానీ రోజూ పిలవడం మానలేదు. నువ్వు "ప్రభువా" అని ఆగిపోతున్నానన్నావే, ఆ ఒక్క మాట ప్రార్థనేనమ్మా. రోమా 8లో మనం ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మే ఉచ్చరింప శక్యం కాని మూలుగులతో మన పక్షంగా వేడుకుంటాడని ఉంది, మిగతాది ఆయన చూసుకుంటాడు.

దీపస్తంభం:
ఒప్పుకుంటున్నానమ్మా. ఆయనతో మాట్లాడుతున్నంత సేపు ఇబ్బంది లేదు, ఆయన్ని వదిలేసి ఆయన గురించి మాట్లాడుకోవడమే ప్రమాదం. నేను చూసినవాళ్ళు కూడా అలాగే దూరమయ్యారు, ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది.

ఓలివ_ఆకు:
ఇవన్నీ బస్సులో చదువుతూ ఏడ్చేశాను. త్రోఫిము సంగతి మా వారికి చదివి వినిపించాను, "ఇది నిజంగా బైబిల్లో ఉందా" అని ఫోన్ లాక్కుని తనే చూసుకున్నారు. చాలా రోజులకి ఆయన ఒక వాక్యం చదవడం చూశాను.

ఇంకో ప్రశ్న. అయితే స్వస్థత కోసం అడగడం మానేసి, నీ చిత్తం ప్రభువా అని ఊరుకోవాలా? ఎదిగినవాళ్ళు అలాగే చేస్తారా? అడిగితేనేమో ఆశ పుడుతుంది, మళ్ళీ రిపోర్ట్ వచ్చాక కూలిపోతాను.

బెరయవాడు:
మానొద్దు సిస్టర్. పౌలు తన శరీరంలో ముల్లు తీసేయమని మూడు సార్లు బతిమాలాడు. సిలువకి ముందు రాత్రి గెత్సేమనేలో ప్రభువు కూడా మూడు సార్లు ప్రార్థించాడు, ఈ గిన్నె (అంటే రాబోయే శ్రమ) తొలగించు అని. నీ చిత్తమే అన్న మాట ఆ విన్నపం పక్కనే ఉంది, దాని బదులు రాలేదు. పౌలుకి దొరికిన జవాబు "నా కృప నీకు చాలును", ముల్లు మాత్రం పోలేదు, అయినా అడిగినందుకు ఆయన్ని దేవుడు గద్దించలేదు. దానియేలు 3లో ప్రతిమకి మొక్కకపోతే అగ్నిగుండంలో వేస్తానని రాజు బెదిరించిన ఆ ముగ్గురు కూడా రెండూ అన్నారు, మా దేవుడు రక్షించగల సమర్థుడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకి మొక్కం అని. మీరూ రెండూ కలిపి అడగండి, ఆయన్ని బాగు చెయ్యి ప్రభువా, చేసేదాకా మమ్మల్ని వదలకు అని. రిపోర్ట్ చూసి కూలిపోతే కూలిపోయిన మనిషిగానే మళ్ళీ అడగండి.

ఇంకోటి, యాకోబు 5:14లో రోగి సంఘపు పెద్దల్ని పిలిపించుకోవాలి, వాళ్ళు నూనె రాసి ప్రార్థన చేయాలి అని ఉంది. అక్కడ ప్రార్థన చేసేది పెద్దలు. నీకు చాలినంత విశ్వాసం ఉందా అని రోగిని నిలదీయడం ఆ వచనంలో లేదు. మీ పాస్టర్ గారిని, పెద్దల్ని ఇంటికి పిలవండి, కూడికలో అన్న మాట కూడా పాస్టర్ గారికి నెమ్మదిగా చెప్పండి, ఆయనకి తెలియాలి.

నిద్రలేని_నర్సు:
లేట్‌గా చూశాను. నేను డయాలసిస్ యూనిట్లోనే పని చేస్తా, విశ్వాసినే. ఓలివ ఆకు అక్కా, నువ్వు పడుకుంటున్నావా? పేషెంట్ కన్నా పక్కన కూర్చునేవాళ్ళు ముందు పడిపోవడం నేను చూస్తూనే ఉంటా. ఏలీయా ప్రవక్త చచ్చిపోతాను ప్రభువా అన్నప్పుడు (1 రాజులు 19) దేవదూత వాక్యం చెప్పలేదు, తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. ప్రయాణం నీకు ఎక్కువ కాబట్టి అని. హోరేబు కొండ దగ్గర దేవుడు అతనితో మాట్లాడింది దాని తర్వాతే. నీ ఎండిపోవడంలో సగం నిద్రలేమి అయి ఉండొచ్చు, అది విశ్వాసం లేకపోవడం కాదు. నిద్ర అస్సలు పట్టకపోతే, బతకాలని లేదు అనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, దాన్ని పాపంలా దాచుకోవద్దు. మీ వారి విషయంలో కూడా, గోడవైపు తిరిగి పడుకోవడం, ఎవరితో మాట్లాడకపోవడం ఈ పేషెంట్లలో చాలామందికి ఉంటుంది, డిప్రెషన్ కావచ్చు, తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టర్‌తో ఈ మాట చెప్పు.

సంఘంలో "ప్రార్థించండి" అని మాత్రమే చెప్తే అందరూ ప్రార్థిస్తామని వెళ్ళిపోతారు. పని పేరు పెట్టి అడుగు అక్కా. ఫలానా రోజు డయాలసిస్‌కి ఒక అన్నయ్య ఆయనతో వచ్చి కూర్చోగలరా, నేను ఇంటికెళ్ళి నిద్రపోతాను అని. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దించితే, యేసయ్య చూసింది వాళ్ళ విశ్వాసం కూడా (మార్కు 2:5). ఆ మనిషి తనంతట తాను నడిచి రాలేదు.

ఓలివ_ఆకు:
నిద్ర గురించి ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు చెల్లీ. మా యూత్ లీడర్ తమ్ముడికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను, గురువారం తను వస్తానన్నాడు. మా వారు "వాడు ఊరికే పాపం గురించి అడుగుతాడా" అన్నారు, అడగడులే, క్రికెట్ గురించి మాట్లాడతాడు అన్నాను, అయితే రమ్మను అన్నారు.