అమ్మ దీపం పెట్టడం మానేసింది: దేవుని తీరు అర్థం కానప్పుడు నమ్మడం ఎట్లా?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
8 నెలల కిందట మా తమ్ముడు 31వ ఏట కాలేయ వ్యాధితో చనిపోయాడు. వాడు ఆస్పత్రిలో ఉన్న 40 రోజులలో అమ్మ ఒక్క శుక్రవారం కూడా తప్పకుండా భద్రకాళి గుడికి వెళ్ళి వచ్చింది. ఆ తరువాత గుడి గడప తొక్కలేదు, ఇంట్లో దీపమూ పెట్టలేదు. దశదిన కర్మ నాడు బంధువులలో ఒకరు "పోయిన జన్మలో ఎవరి ఉసురు పోసుకున్నారో" అన్న మాట ఆమెను ఇప్పటికీ వదలడం లేదు. "ఆయన లీల మనకు అర్థం కాదమ్మా" అని ఊరడించబోతే, ఆ మాట నాకే బోలుగా వినిపించింది. అర్థం కానిదాన్ని నమ్మడం భక్తి అవుతుందా, లేక వేరే దారి లేనివాడు చేసుకునే సర్దుబాటేనా?

జవాబు (పాలకుర్తి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు):
బమ్మెర మాకు పక్క ఊరు కాబట్టి పోతనతో మొదలుపెట్టకుండా ఉండలేను, మన్నించండి. గజేంద్రుడు "కలడో లేడో" అని సందేహించినది కాలు మొసలి నోట ఉండగానే, మొర మధ్యలోనే; ఆ మాటకు విష్ణువు అలిగి ఆగిపోలేదు. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజని, అగస్త్యుని శాపం వల్ల ఏనుగయ్యాడని శుకుడు చెప్పేది చక్రం మొసలి తల తెంచిన తరువాత, అదీ పరీక్షిత్తుకు. మడుగులో కొట్టుకుంటున్నవాడికి ఒడ్డున నిలబడి శాపకథ వినిపించిన వాడు ఆ ఘట్టంలో ఎవడూ లేడు. మీ బంధువు చేసిన పని అదే. కర్మను నేను కాదనను. ఎవరి లెక్క వారు చూసుకోవడానికి అది పనికివస్తుంది, కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందు పరచడానికి పనికిరాదు.

జవాబు (కాజీపేట నుంచి):
మేము క్రైస్తవులం. ఇటువంటి సమయంలో బైబిలులోని యోబు గ్రంథం చదువుకుంటాం, అయితే చాలామంది మొదలూ చివరా చదివి నడుమ ఉన్న సుదీర్ఘమైన వాదాన్ని దాటవేస్తారు. పదిమంది పిల్లలు ఒకే రోజు పోయిన యోబు పక్కన స్నేహితులు 7 పగళ్ళు, 7 రాత్రులు మాట లేకుండా నేల మీద కూర్చున్నారు. వారు చేసిన మంచిపని అదొక్కటే, నోరు తెరిచినది మొదలు నీ పాపమే కారణమన్నారు. 38వ అధ్యాయంలో సుడిగాలిలో నుంచి పలికిన దేవుడు కూడా కారణం చెప్పడు. భూమికి పునాదులు వేసిననాడు నీవెక్కడ ఉన్నావని ఎదురు అడుగుతాడు. యోబు భక్తిని పరీక్షించడానికి పరలోకంలో సాతాను దేవుని అనుమతి పొందాడని మొదటి అధ్యాయం చదివిన మనకు తెలుసు గాని, యోబుకు చివరిదాకా తెలియదు. అయినా దేవుడు, తనను వెనకేసుకొచ్చిన స్నేహితుల మీదనే కోపించి, తనతో వాదించిన యోబు యుక్తంగా పలికాడని 42వ అధ్యాయంలో అంటాడు. మీ అమ్మగారి అలకను అవిశ్వాసమని నేను అనలేను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ నమస్కారం. కానీ గజేంద్రుడు బయటపడ్డాడు, యోబుకు మళ్ళీ పదిమంది పుట్టారు. మా తమ్ముడు రాడు కదా?

జవాబు (కాజీపేట నుంచి):
నిజమే. మళ్ళీ పుట్టిన పదిమంది, పోయిన ఆ పదిమంది కారు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు (ములుగు నుంచి):
పెద్దలిద్దరిలాగా నాకు గ్రంథాలు తెలియవు. మా చిన్నాయన పోయిన తరువాత వచ్చిన మేడారం జాతరకు, మొక్కు ఫలించలేదు గనుక, బాపమ్మ (మా నాయనమ్మ) పోదని అందరం అనుకున్నాం. ఆమె మాత్రం బంగారం (బెల్లాన్ని మేము అట్లే అంటాం) నెత్తికెత్తుకొని బయలుదేరింది. జంపన్న వాగు దగ్గర నన్ను ఆపి, సమ్మక్క కొడుకు కాకతీయ సేనతో పోరాడి ఓడి దూకినది ఈ నీళ్ళలోనేనని, పెనిమిటి పగిడిద్దరాజు, బిడ్డ సారలమ్మ ఆ యుద్ధంలోనే ఒరిగారని, ఒక్కరూ తిరిగి రాలేదని చెప్పింది. "ఆ తల్లికి నా సంగతి ఎరుకే, అందుకే పోతున్న" అన్నది. ఎందుకిట్లా చేశావని గద్దె ముందు అడిగిందో లేదో తెలియదు. వెనుక జనం తోస్తున్నా చాలాసేపు కదలలేదు. ఇంట్లో దీపం మాత్రం ఆ తరువాత 3 ఏండ్ల దాకా మా అమ్మే పెట్టింది. బాపమ్మను పెట్టుమని ఎవరమూ అడగలేదు.