డామినెంట్ అంటే ‘ఆధిపత్యం’ అనొచ్చా? ఆర్పెజియోకి మన మాట ఏదైనా ఉందా?

టపా:
మా అమ్మాయి పియానో గ్రేడ్ పరీక్షకి సాధన చేస్తోంది. నాకు పియానో రాదు. చిన్నప్పుడు కొన్నాళ్లు గాత్రం నేర్చుకున్నాను, ఆ ధైర్యంతో రోజూ పక్కన కూర్చుని తెలుగులో చెబుతున్నాను. పుస్తకంలో ‘డామినెంట్ సెవెంత్ ఇన్ ద కీ ఆఫ్ సి’ ఆర్పెజియో (కార్డ్‌ని, అంటే కలిపి మోగే స్వరాల్ని, ఒక్కొక్కటిగా వరసగా వాయించడం) అని ఉంది. తను సి మీద మొదలుపెడితే టీచరుగారు తప్పన్నారు, జి మీద మొదలుపెట్టాలట. నిఘంటువులో డామినెంట్‌కి ‘ఆధిపత్యం గల’, ‘ప్రబలమైన’ అని ఉంది. సి కీలో పెత్తనం సి‌ది కాదా? పిల్లకి ఏ మాట చెప్పాలి?

వ్యాఖ్య:
మనకి రాగంలో ప్రధాన స్వరానికి వాది, దానికి తోడు స్వరానికి సంవాది అన్న మాటలు ఉన్నాయి కదండీ. వాది అనండి, సరిపోతుంది.

వ్యాఖ్య:
వాది అనడానికి పాత ఆధారం ఉంది. పాత చర్చి గానమైన గ్రెగోరియన్ చాంట్‌లో పాఠాన్ని ఎక్కువసేపు ఏ స్వరం మీద నిలిపి పాడేవారో దాన్ని డామినెంట్ అనేవారు. ప్రబలం అన్న అర్థం అక్కడిది. కానీ ఇప్పుడు పియానో నేర్చుకునేవాళ్లకి డామినెంట్ అంటే కీలో, అంటే ఆధార స్వరంతో మొదలయ్యే వరుసలో, అయిదో స్వరం, అంతే. సి‌ని ‘స’ అనుకుంటే జి ‘ప’. అందుకే ‘పంచమ కార్డ్’ అనమని నా సలహా. ఆధిపత్యం అంటే పిల్ల ఆ కార్డ్ దగ్గరే కథ ముగిసిందనుకుంటుంది. నిజానికి అది ముగియనివ్వని కార్డ్.

మీకు గాత్రం వచ్చు కాబట్టి స్వరాల్లో చెబుతాను. సి మేజర్ మన శంకరాభరణం స్వరాలే. జి, బి, డి, ఎఫ్ అంటే ప, ని, రి, మ. ‘ప’ నుంచి లెక్కపెడితే ‘మ’ ఏడోది, సెవెంత్ అన్న పేరు అందుకే. ఇందులో ని, మ ఉన్నాయి చూడండి, వాటి మధ్య దూరం స్థాయిలోని 12 స్వరస్థానాల్లో సరిగ్గా సగం. చెవికి టెన్షన్ అక్కడే పుడుతుంది. ఇక్కడి ని, అంటే కాకలి నిషాదానికి పక్క మెట్టు స. ఇక్కడి మ, అంటే శుద్ధ మధ్యమానికి పక్క మెట్టు గ, అంటే అంతర గాంధారం. ని పైకి, మ కిందికి ఒక్క అడుగు వేస్తే స, గ వచ్చేస్తాయి. వేళ్ల కంటే ముందు ఇది ఆమె చేత పాడించండి.

ఇంకొక చిక్కు ముందే చెప్పండి. ‘సి సెవెంత్’ వేరు, ‘సి కీలో డామినెంట్ సెవెంత్’ వేరు. సి సెవెంత్‌లో బి ఫ్లాట్ (బికి కింది పక్క మెట్టు) ఉంటుంది. సి‌నే ‘స’ అనుకుంటే అది కైశికి నిషాదం. ఆ కార్డ్ వెళ్లేది ఎఫ్‌కి, ఎందుకంటే ఎఫ్‌కి సి పంచమం. మీ అమ్మాయి తడబడింది ఇక్కడే, అది ఆ పేరు పెట్టే తడబాటు.

వ్యాఖ్య:
ఆర్పెజియోకి ‘దాటు’ బాగుంటుంది. సరళీ, జంట వరుసల తర్వాత దాటు వరుసలు నేర్చుకున్నాం కదా. కొందరు ‘ధాటు’ అని ఒత్తు పెట్టి రాస్తారు గానీ, స్వరాల్ని దాటుకుంటూ పోయే అచ్చ తెలుగు మాట అది.

దానికి జవాబు:
మాట నాకూ ఎంతో ఇష్టం. అయితే దాటు వరుస ‘స మ గ మ, రి గ స రి’ అని ముందుకీ వెనక్కీ నడుస్తుంది. పియానోలో బ్రోకెన్ కార్డ్ (కార్డ్ స్వరాల్ని విడివిడిగా, ముందుకీ వెనక్కీ వాయించడం) నడక దానికి కొంత దగ్గర. ఆర్పెజియో తిన్నగా పైకి పోయి తిన్నగా దిగుతుంది. ఇటాలియన్‌లో ఆర్పా అంటే హార్ప్, ఆ తీగల్ని వరసగా మీటినట్టు అని ఆ పేరు. హిందుస్తానీ గాయకులు ఒళ్లో పెట్టుకుని స్వరమండలం తీగల్ని నిమురుతారే, ఆ కదలిక చూపించండి. నేనైతే ‘దాటు ఆరోహణ’ అంటాను.

టపా పెట్టినవారు:
అందరికీ ధన్యవాదాలండీ. నిన్న సాయంత్రం ‘పంచమ కార్డ్, దాటు ఆరోహణ’ అని చెప్పి ప, ని, రి, మ పాడించాను. తర్వాత కుడిచేత్తో నాలుగు వేళ్లూ వరసగా వేసి, బొటనవేలు కిందినుంచి తెచ్చి పై జి మీద పెట్టింది. దిగేటప్పుడు ఎఫ్ దగ్గర కావాలనే ఆపమన్నాను. రెండు క్షణాలు ఊరుకుంది, తర్వాత తనంతట తనే ఇ నొక్కింది.