నవల ఫోన్ల యూనికోడ్‌ల ఉంది, డీటీపీ అన్న అను ఫాంట్లంటుండు: 300 కాపీలు ఎట్ల?

ప్రశ్న (దేవరకొండ): అందరికీ నమస్తే. నవల రాసుడు అయిపోయింది. మొత్తం ఫోన్ల గూగుల్ డాక్స్‌ల యూనికోడ్‌ల (ఏ ఫోన్లనైనా, కంప్యూటర్లనైనా కనబడే తెలుగు) కొట్టిన. మా దగ్గర డీటీపీ (కంప్యూటర్ల పుస్తకం పేజీలు కట్టే పని) చేసే అన్న "అనుకు (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) మార్చి పేజ్‌మేకర్ల (పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్) పెడత, 248 పేజీలొస్తది" అంటుండు. సంభాషణలన్నీ మన యాసలనే ఉన్నయ్. అనుకు మార్చాల్నా, వద్దా? 300 కాపీలు నల్లగొండల అచ్చేయించొచ్చా, పట్నం (హైదరాబాద్) పోవాల్నా? ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) ఎంతైతది?

మిర్యాలగూడ (డీటీపీ పని): అన్నా, అనుల చేసినా పుస్తకం మంచిగనే అచ్చయితది. తిప్పలన్నీ మార్చేటప్పుడే. కన్వర్టర్ల వేసినంక ముందు పొల్లులు చూడుండ్రి. పొల్లు తర్వాత అక్షరాన్ని విడగొట్టే కనబడని గుర్తు ఒకటి ఉంటది, మార్చేటప్పుడు అది ఎగిరిపోతది. మీరు "ఉన్నయ్‌గద" అని కొడితె "ఉన్నయ్గద" అయి కూసుంటది. మన యాసల మాటలు పొల్లుతోని ఆగేటియే ఎక్కువ కాబట్టి ఈ తప్పు సంభాషణల్ల జాగజాగకు దొరుకుతది. తర్వాత కొటేషన్లు, పెద్ద డాష్‌లు. అనుల ఆ గుర్తుల జాగల తెలుగు ముక్కలుంటయ్, అందుకే డైలాగు మొదట్లనే సంబంధం లేని వత్తు ప్రత్యక్షమైతది. ఇంగ్లిషు అక్షరాలతోని కొట్టిన మాటలుంటె అవి వేరే ఫాంటుకు మార్చాలె, లేకుంటె చదవరాని తెలుగైతయ్.

ఇంతకన్న పెద్ద నష్టం ఇంకోటుంది. ప్రూఫు దిద్దుబాట్లు పేజ్‌మేకర్ల పడతయ్, మీ డాక్స్ ఫైలేమో పాతదే ఉంటది. రేపు ఈ-బుక్ చేద్దామంటె చేతిల సరైన ప్రతి ఉండదు. అనుల చేసిన పీడీఎఫ్‌ల తెలుగు మాట వెతికితె కూడ దొరకదు. అందుకే దిద్దుబాటంత యూనికోడ్‌ల ముగిసినంకనే ఫైలు డీటీపీకి ఇయ్యుండ్రి. పేజీలు కట్టినంక దొరికిన తప్పు రెండు చోట్లా దిద్దాలె. అన్ని ఖర్చులల్ల పెరిగేది ఈ ఆలస్యపు దిద్దుబాటే, కాగితం కాదు.

ఇన్‌డిజైన్ల (పేజ్‌మేకర్ తర్వాతొచ్చిన సాఫ్ట్‌వేర్) యూనికోడ్‌తోని చేసేటోళ్లు దొరికితె అదే మేలు. పారాగ్రాఫ్ సెట్టింగ్స్‌ల వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టిన్రో లేదో అడుగుండ్రి. అది పెట్టకుంటె వత్తులు విడిపోయి పక్కకొస్తయ్. మండలి, సురన్న, నోటో సెరిఫ్ తెలుగు ఫాంట్లు ఉచితం, అచ్చుకు వాడుకోవచ్చు. అక్షరం 12 పాయింట్లు పెడితె లైన్ల నడుమ 16కు తగ్గించొద్దు, పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతయ్.

దేవరకొండ: దిద్దుబాటు యూనికోడ్‌ల అంటె, యాస తెలిసిన ప్రూఫ్ రీడర్ దొరకాలె గద అక్కా/అన్నా? వేరే జిల్లా ఆయనకిస్తె మొత్తం పుస్తక భాషకు మార్చి పెడతడేమో.

మహబూబ్‌నగర్ (ప్రూఫులు చూస్తాను): మారుస్తారు, వాళ్ల తప్పు కూడా కాదు. ఏది తప్పో ఏది యాసో మీరు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. ప్రతితో పాటు రెండు పేజీల పట్టిక ఇవ్వండి, అందులో ఇట్లా రాయండి: "వచ్చిండు" ఉంచాలి, "వచ్చాడు" చేయొద్దు. "వస్తుండు", "వస్తున్నడు" రెండిట్లో ఒకటే వాడినం. ముసలమ్మ పాత్ర ఒక్కతే "ఒచ్చిండు" అంటది, అది కావాలనే రాసింది. కథనం ఏ భాషలో నడుస్తదో, సంభాషణ ఏ భాషలో ఉంటదో పై వరుసలోనే చెప్పండి. ఒకే పాత్ర ఒక అధ్యాయంలో "పోతున్న" అని, ఇంకో అధ్యాయంలో "పోతున్నాను" అంటే మాత్రం అది యాస కాదు, అజాగ్రత్త.

పట్టిక తయారైనంక డాక్స్‌లో ఒక్కో మాటను వెతికి, ఒక్కొక్కటిగా మార్చండి. అన్నీ ఒకేసారి మార్చే మీట జోలికి పోవద్దు. "ఏమి" అన్నచోటల్లా "ఏం" పెట్టమంటే "ఏమిచ్చిండు" కాస్తా "ఏంచ్చిండు" అయి కూర్చుంటుంది, మళ్లీ ప్రూఫులో కూడా కంటికి ఆనదు. మొదటి ప్రూఫు ఫోన్లో చూసినా, పేజీలు కట్టిన తర్వాతది కాగితం మీద తీసుకొని చూడండి. ఆ విడతలో వాక్యాలు తిరగరాయొద్దు. ఒక పేరా పెరిగితే అధ్యాయం చివరిదాకా పేజీలన్నీ జరుగుతాయి, విషయసూచిక అంకెలు తప్పుతాయి.

నల్లగొండ (అచ్చు పని): 248 అన్నరు గదా. అండ్ల టైటిల్ పేజీ, ముందుమాట, విషయసూచిక కలిసినయా? కలిసినా అది ఇబ్బంది అంకెనే. 1/8 డెమీ సైజుల (5.5 × 8.5 అంగుళాలు) ఒక ఫారం అంటె 16 పేజీలు. 248 అంటె పదిహేనున్నర ఫారాలు. ఆఫ్‌సెట్ల (ప్లేట్లు చేసి మిషను మీద అచ్చేసే పద్ధతి) సగం ఫారానికి కూడ ప్లేట్లు, మిషను కూలి పడతయ్. అయితె 240కి దించుండ్రి, కాకుంటె 256కు పెంచుండ్రి. దించుడు కష్టమేం కాదు, పేజీకి 29 లైన్లున్న కాడ 30 పట్టిస్తె 248 పేజీలు 240 అయితయ్.

300 కాపీలంటె డిజిటల్‌కు (ప్లేట్లు లేకుంట ఫైలు నుంచి నేరుగ అచ్చేసే పద్ధతి), ఆఫ్‌సెట్‌కు నడిమధ్యల ఉన్నరు. ఆఫ్‌సెట్ల ప్లేట్ల ఖర్చు వంద కొట్టినా వెయ్యి కొట్టినా అదే. డిజిటల్ల ఒక్కో కాపీ ధర తగ్గదు గని ఫారం లెక్క అంత పట్టింపుండదు. రెండిటికీ రేటు రాయించుకోండ్రి. అండ్ల బైండింగ్, లామినేషన్, జీఎస్టీ కలిసినయో లేదో రాసి ఉండాలె. మన దగ్గరి ప్రెస్సులకు పెండ్లి పత్రికలు, కరపత్రాల పనే ఎక్కువ. పర్‌ఫెక్ట్ బైండింగ్ (వెన్నుకు జిగురుతోని అట్ట అంటించే) మిషను సొంతంగ ఉన్నదా అని అడుగుండ్రి, లేకుంటె వాళ్లు కూడ పట్నమే పంపుతరు. అట్లయితె చిక్కడపల్లి, ఆజామాబాద్ దిక్కు మీరే పోయి మాట్లాడుకోండ్రి. బండిళ్లు ఆర్టీసీ కార్గోల వేయించుకోవచ్చు.

లోపలి కాగితం 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మ్యాప్‌లిథో (పుస్తకాలకు వాడే మామూలు కాగితం), అట్ట 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు. కాగితం నార పుస్తకం వెన్నుకు సమానంగ నిలువున ఉండాలె. అడ్డంగ కట్ చేస్తె పుస్తకం తెరుచుకోదు, విప్పితె ముడుచుకుంటది, వానకాలం పేజీలు అలలు తిరుగుతయ్. వెన్ను దిక్కు మార్జిన్ 20 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. అట్ట డిజైను చేసేటాయనకు వెన్ను మందం అంచనాగ చెప్పకుండ్రి, అదే కాగితంతోని ఖాళీ డమ్మీ కట్టించి స్కేలు పెట్టి కొలిపియ్యండ్రి. డమ్మీల 11 మిల్లీమీటర్లొచ్చిందనుకో: రెండు అట్టలకు 140 చొప్పున 280, వెన్ను 11, రెండు పక్కల కోతకు మూడేసి, మొత్తం వెడల్పు 297. ఎత్తు 216కు ఆరు కలిపి 222.

సూర్యాపేట: ఐఎస్‌బీఎన్‌కు పైసలు కట్టేది లేదు అన్నా. కేంద్ర విద్యాశాఖ కింది రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగ ఇస్తది, రచయితలు సొంతంగ ఆన్‌లైన్ల దరఖాస్తు చేయొచ్చు. "నంబరు ఇప్పిస్తం, ఇంత ఇయ్యుండ్రి" అన్నోళ్లకు ఇయ్యకుండ్రి. వేరే ప్రచురణ సంస్థ తన నంబరిస్తె రికార్డుల ప్రచురణకర్త వాళ్లే అయితరు. అచ్చు పుస్తకానికొకటి, ఈ-బుక్కుకొకటి వేరువేరు కావాలె. నంబరు చేతికొచ్చినంకనే అట్ట ఫైనల్ చేయుండ్రి. బార్‌కోడ్ తెల్లటి పెట్టె మీద నల్లగ ఉండాలె, రంగు మీద వేస్తె స్కానర్ చదవకపోవచ్చు. 1954 చట్టం ప్రకారం పుస్తకమొచ్చిన 30 రోజుల్ల కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కొక్క కాపీ పంపాలె. నాలుగు పక్కన పెట్టుకోండ్రి.

దేవరకొండ: పోస్టుల పంపితె ఎంత పడుతది? కిండిల్ల కూడ పెడదామనుకుంటున్న.

సూర్యాపేట: కిండిల్ల హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ తీసుకుంటరు, ఆ పట్టికల తెలుగు లేదు. గూగుల్ ప్లే బుక్స్‌ల ఈపబ్ (ఈ-బుక్ ఫైలు) పెట్టొచ్చు, యూనికోడ్ ఫైలు దాసుకోమన్నది అందుకే.

పోస్టుకైతె 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ (పుస్తకాలు తక్కువ ధరకు పంపే తపాలా సేవ) ఉంది. 300 గ్రాముల దాక 20 రూపాయలు, పన్ను అదనం. చదువు, సామాజిక, సాంస్కృతిక, మత పుస్తకాలకు ఇచ్చిన్రు. నవలను తీసుకుంటరో లేదో మీ పోస్టాఫీసుల ముందే అడుగుండ్రి. ప్రచురణకర్త పేరో ప్రింటర్ పేరో పుస్తకం మీద అచ్చయి ఉండాలె. రిజిస్టర్డ్ పోస్టు అయితె 2025 సెప్టెంబర్ 1 నుంచి స్పీడ్ పోస్టులనే కలిపేసిన్రు.

నల్లగొండ (అచ్చు పని): బరువు మాటొచ్చింది గనుక ఇది కూడ చూడుండ్రి. పైన చెప్పిన కాగితం, అట్టతోని 256 పేజీల పుస్తకం దగ్గరదగ్గర 290 గ్రాములు. కవరు, అట్టముక్క పెట్టంగనె 300 దాటుతది, పై స్లాబు పడుతది. 240 పేజీలైతె 272 గ్రాముల కాడ ఆగుతది, ప్యాకింగ్‌కు ఇంక 28 గ్రాములు మిగుల్తయ్. లోపల 80 జీఎస్ఎం పెట్టిస్తె 240 పేజీలకు కూడ 300 దాటుతది. ప్రెస్సాయన "80 మంచిగుంటది" అంటడు, మంచిగనే ఉంటది గని పోస్టు ఖర్చు మీది.