‘స్టాండ్ బై మీ’ మళ్ళీ చూసిన. దోస్తు కొడుకుకు చూపియ్యాల్నా?

కాజీపేట దోస్త్:
మేం నలుగురం కాజీపేట రైల్వే క్వార్టర్స్‌ల కలిసి పెరిగినం. అండ్ల ఒకడు మొన్న గుండెపోటుతోని పోయిండు. దినాలైనంక ఇంటికొచ్చి రాత్రి ‘స్టాండ్ బై మీ’ (1986) పెట్టుకున్న. ఇంటర్‌ల ఉన్నప్పుడు సీడీ తెచ్చి మాకు చూపిచ్చింది వాడే.

అప్పుడు మాకది సాహసం కథ. 1959ల పన్నెండేండ్ల పోరగాళ్ళు నలుగురు, రైలు గుద్ది సచ్చిన పిలగాని శవం చూద్దామని పట్టాలెంబడి నడుస్తరు. నీళ్ళల్ల జలగలు పట్టుకునే కాడ కేకలేసుకుంట నవ్వినం. ఈసారి మొదట్లనే గుండె పట్టేసింది. ఆ నలుగుర్ల ఒకడు గోర్డీ, పెద్దోడై కారుల కూసొని ఉంటడు, దగ్గర పేపరు: వాని చిన్నప్పటి దోస్తు, లాయరైన క్రిస్‌ను కత్తితోని పొడిచి సంపిండ్రని. అప్పట్ల ఆ పేపరు మా కండ్లకే ఆనలే. ఇప్పుడు క్రిస్ నవ్వినప్పుడల్లా అదే యాదికొస్తది. ఆఖర్ల చెయ్యూపి నడుచుకుంట పోతపోత మాయమైతడు గదా, ఆడ బంద్ చేసి బయటికొచ్చిన.

దోస్తు కొడుకు ఏడో తరగతి. “కాకా, డాడీ చిన్నప్పుడు ఎట్లుండె?” అని అడుగుతున్నడు. వాళ్ళ నాయినకు పాణమసోంటి సినిమా. చూపియ్యాల్నా, కొన్నేండ్లు ఆగాల్నా?

హన్మకొండ టీచర్:
ఆగండి అన్నా. బూతులు, సిగరెట్లు సరే, అమెరికాలోనే దానికి ఆర్ సర్టిఫికెట్ (పదిహేడేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళతోనే చూడాలని) ఇచ్చారు. నా భయం వేరే. గోర్డీ వాళ్ళ అన్న చనిపోయి ఉంటాడు. కలలో, శ్మశానంలో, తండ్రి “వాని బదులు నువ్వు పోవాల్సింది” అన్నట్టు మాట్లాడతాడు. నాయిన పోయి నెల కూడా కాని పిల్లగాడు ఆ మాట ఎట్లా మోస్తాడు? శవం దగ్గర గోర్డీ బోరున ఏడుస్తుంటే క్రిస్ దగ్గరికి తీసుకుంటాడు చూడండి, అది మాత్రం వాడు ఎప్పుడో ఒకప్పుడు చూడాలి.

బల్లార్షా లైను:
నేను లోకో పైలట్‌ను. ఎప్పుడు చూపిచ్చినా, పోరగాళ్ళు రైలు బ్రిడ్జి దాటుతుంటే ఎనక రైలొచ్చే సీను గురించి ముందే చెప్పు తమ్మీ. గోర్డీ పట్టా మీద చెయ్యి పెట్టి అదురు చూస్తడు. అది నమ్ముకోవద్దు. ఇప్పటి ఎలక్ట్రిక్ ఇంజన్ల సప్పుడు దగ్గరికొచ్చేదాంక తెల్వదు. లోడున్న గూడ్సుకు బ్రేకేస్తే ఆగేసరికి కిలోమీటరు దాంక పోతది. సినిమాల రైలు దూరంగనే ఉండె, లెన్సుతోని దగ్గర చూపిచ్చిండ్రు.

మడికొండ:
వాడు అడిగింది నాయిన గురించి, సినిమా గురించి కాదు. మీరు తిరిగిన జాగలు చూపియ్యి ముందు.

కాజీపేట దోస్త్:
అన్నా, ఇది నాకు తట్టనే లేదు. మెట్టుగుట్ట ఎక్కినప్పుడల్లా అటుకులు, బెల్లం పంచేది వాడే, తన వాటా ఆఖరుకు తీసుకునేటోడు. మా నలుగుర్ల ఇద్దరు కొట్టుకుంటే నడుమ జొరబడేదీ వాడే. క్రిస్ గూడ వేరేటోళ్ళ కొట్లాట ఆపబోయే పాణం ఇడుస్తడు. ఇవన్నీ పిలగానికి నేనే చెప్పాలె. ఆదివారం గుట్టకు తోల్కపోత, వాళ్ళ అమ్మ సరేనన్నది. మిగిలిన ఇద్దరికీ ఫోన్ చేసిన, ఒకడు కరీంనగర్ నుంచి వస్తున్నడు, ఇంకోడు డ్యూటీ మార్చుకుంటడట. సినిమా టెన్త్ అయినంక.