జాఱిన వ్రేలికి: రిటర్నా, రిసెట్టా?

కావలి కాలవగట్టు: మా మామయ్య మద్రాసులో ఒక పెద్దాఫీసు కంప్యూటర్ గదిలో పనిచేసేవాడు. అక్కడెవరో ఐబీఎం 3278 టెర్మినల్ (పెద్ద యంత్రానికి తగిలించిన తెర, మీటలు) మీద కందం కట్టారట. మొదటి పాదం 'వేఱే యెంటరు మీటయు'. చివరిది 'జాఱిన వ్రేలికి రిటర్ను సరియౌ సుమతీ'. నడిమి రెండూ పోయాయి. నాలుగో పాదంలో 'రిటర్ను' అన్నాడా 'రిసెట్టు' అన్నాడా అని ఆయనకే అనుమానం. ఎవరైనా విన్నారా?

పెన్నా ఇసుక: రిసెట్టే. 3278లో తప్పు చోట, అంటే రాయకూడని గడిలో, అక్షరం కొడితే మీటలన్నీ బిగుసుకుపోతాయి. తెర అడుగున ఇంటూ గుర్తు, పక్కనే రెండు బాణాల మధ్య చిన్న మనిషి బొమ్మ వస్తుంది, 'ఇక్కడ కాదు, అవతలికి పో' అన్నట్టు. అప్పుడు ఎడమ చేతి కింది మూలనున్న రిసెట్ నొక్కాలి. వేలు జారితే దిక్కు అదే.

ఒంగోలు ఉపధ: అన్నా, మరి 'వేఱే' ఎందుకు? ఎంటరు వేరు, రిటర్ను వేరు అని చెప్పడానికే కదా పద్యం ఎత్తుకున్నది! కుడి కింది మూలనున్న ఎంటరు నొక్కితే తెర మీద నింపినదంతా ఒక్కసారిగా పెద్ద యంత్రానికి పోతుంది. రిటర్ను నొక్కితే కర్సర్ కింది వరుసకు దిగుతుందంతే, ఏమీ పోదు. కాబట్టి జారే వేలు రిటర్ను మీద పడితేనే క్షేమం.

పెన్నా ఇసుక: 3278లో ఆ మీట మీద మడత బాణం తప్ప అక్షరాలు ఉండవు స్వామీ. 'న్యూ లైన్' అనేవాళ్లు. రిటర్న్ అని అచ్చంగా రాసి ఉన్నది వీటీ220 అనే వేరే టెర్మినల్ కీబోర్డు మీద. అందులో ఎంటర్ అంకెల మీటల మూలన ఉంటుంది. కానీ అక్కడ ఏ మీట కొడితే అది అప్పుడే అవతలికి పోతుంది, ఇక క్షేమం ఎక్కడిది?

అద్దంకి రేఫ: యంత్రం సంగతి తర్వాత. 'వేఱు'కు, 'జాఱు'కు రెండింటికీ బండి ఱ వేశారు చూశారా? పూర్వకవులు ర, ఱలకు ప్రాస కలిపేవాళ్లు కాదు. ఈ కట్టినాయన చదువుకున్నవాడే. 'వేరు' అని రాస్తే చెట్టు వేరైపోతుంది.

ఒంగోలు ఉపధ: కందంలో రెండేసి పాదాలకు ఆరో గణం, అంటే మనం కొట్లాడే ఈ మాట, జగణమో (నడుమ గురువు) నలమో (నాలుగు లఘువులు) కావాలి. రిటర్నూ జగణమే, రిసెట్టూ జగణమే. ఛందస్సు సాక్ష్యం చెప్పదు.

కందుకూరు గుంటగలగర: 'రిసెట్టె శరణము సుమతీ' అని ఉంటుంది. జా-శ యతి చెల్లుతుంది. 'సరియౌ' చప్పగా ఉంది. కట్టినాయన తిక్కన ఊరు నెల్లూరివాడే అయితే ఇంత నీళ్ల మాట వాడడు.

అద్దంకి రేఫ: తిక్కన ఎక్కడొచ్చాడు? ఱ సంగతైతే ఎఱ్ఱన మావాడు. అద్దంకి వేమారెడ్డి కొలువు. ఇన్‌స్క్రిప్ట్‌లో (తెలుగు కీబోర్డు అమరిక) ర ఉన్న జే మీటకు షిఫ్ట్ కలిపితేనే ఆయన పేరు పడుతుంది.

కందుకూరు గుంటగలగర: ఆయనది గుడ్లూరంటారు. గుడ్లూరిని 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. ఇక మీవాడెట్లా?

అద్దంకి రేఫ: కలెక్టరు సంతకంతో కవి మారతాడా అమ్మా! నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని నన్నయలా మొదలుపెట్టి తిక్కన దగ్గరికి తెచ్చి దింపాడు. ఎక్కడ అతుకు వేశాడో కనబడనివ్వలేదు. చెయ్యంటే అదీ.

కావలి కాలవగట్టు: ఆ చెయ్యేదో మన రెండు పాదాల మీద పెట్టండి మాస్టారూ.

పెన్నా ఇసుక: రెండో పాదం నాది: 'మీఱిన తొందర నదుమకు మిన్నక యెపుడున్'. ఎంటరు గురించే.

ఒంగోలు ఉపధ: 'మిన్నక' అంటే ఊరకే. ఊరకే ఎవడు నొక్కుతాడు, జీతం పోతుందని నొక్కుతాడు. అయినా ప్రాసలో ఱ నిలిపావు, ఒప్పుకుంటా. మూడోది?

పెన్నా ఇసుక: మూడోది ఒంగోలు వాళ్లకు వదిలా. వీటీ220తో సర్దుకో.