పాత వా సౌండ్ కోసం మోడ్ చేయాలంటే ఏది తీసుకోవాలి: క్రై బేబీ జీసీబీ95నా, వోక్స్ వీ847నా?

ఆరు_తీగలు:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో చిన్న బ్యాండ్‌లో స్ట్రాట్ గిటార్ వాయిస్తాను. 60ల చివర్లో హెండ్రిక్స్ వాయించిన ఆ వా సౌండ్ అంటే ప్రాణం, పెడల్ తొక్కుతుంటే గిటార్ నోరు తెరిచి మాట్లాడినట్టే ఉంటుంది. ఫ్రెండ్ దగ్గర తెచ్చుకున్న కొత్త జీసీబీ95 వా పెడల్ ఇప్పుడు నా దగ్గరుంది. మడమ వైపు బాగానే ఉంది కానీ ముందుకు తొక్కేసరికి చెవిలో సూది గుచ్చినట్టుంటోంది. బడ్జెట్ 10 వేలు. సెకండ్ హ్యాండ్‌లో ఒక జీసీబీ95, ఒక వోక్స్ వీ847 దొరుకుతున్నాయి, ఇంకొకాయన అసలైన ఇటలీ పీస్ అంటూ దానికి ఎన్నో రెట్లు చెప్తున్నాడు. పికప్‌లు, జాక్‌లు నేనే మార్చుకుంటాను, బోర్డు మీద మాత్రం ఎప్పుడూ పని చేయలేదు. ఫాసెల్ ఇండక్టర్ (పాత వా పెడల్స్‌లో ఉండే తీగచుట్ట) వేస్తే చాలు అంటున్నారు, నిజమేనా? నా పెడల్ బోర్డులో వా తర్వాత ఫజ్ ఫేస్ (సౌండ్‌ని గరుకుగా చేసే ఫజ్ పెడల్) ఉంటుంది, అది కూడా చెప్పాలి కదా అని చెప్తున్నా.

కోఠి_సోల్డర్:
తమ్ముడూ, ముందు ఆ ఇటలీ పీస్ సంగతి వదిలెయ్. ఇటలీలోని పెస్కారాలో జెన్ కంపెనీ వాళ్లు చేసిన పాత బోర్డు నిజంగా దొరికితే దాని మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టకూడదు, అలాగే దాచుకోవాలి. పైగా లోపల ఏముందో తెలియదు. నేను ఒకసారి 70ల నాటిది అంటే నమ్మి కొన్నాను, ఇంటికొచ్చి అడుగు పలక విప్పితే ఇండక్టర్, పాట్ (తొక్కితే తిరిగే వేరియబుల్ రెసిస్టర్) రెండూ కొత్తవే, పాతది పై డొక్కు మాత్రమే.

అసలు విషయం ఏంటంటే, 1967 నాటి క్లైడ్ మెకాయ్ వా సర్క్యూట్ పక్కన జీసీబీ95 సర్క్యూట్ పెట్టి చూడు. రెండు ట్రాన్సిస్టర్లు, 500 మిల్లీహెన్రీ ఇండక్టర్, ఇన్‌పుట్‌లో 68 కే (కిలో ఓమ్స్) రెసిస్టర్, ఇండక్టర్‌కి సమాంతరంగా 33 కే, ఒక 1.5 కే, 0.01 మైక్రోఫారడ్ స్వీప్ కెపాసిటర్, 100 కే పాట్. అక్కడా అవే, ఇక్కడా అవే. థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ ఒక ఆంప్ మిడ్‌రేంజ్ బూస్ట్ నుంచి తీసిన సర్క్యూటే ఈనాటికీ నడుస్తోంది. కాబట్టి కొత్తగా చేర్చేది తక్కువ, తర్వాత వచ్చి చేరినవి తీసెయ్యడమే ఎక్కువ.

జీసీబీ95లో మొదట తీయాల్సింది ఇన్‌పుట్‌లో ఉన్న బఫర్ ట్రాన్సిస్టర్, అంటే గిటార్‌కీ వా సర్క్యూట్‌కీ మధ్య అడ్డుగా ఉండేది. దాన్ని పక్కకు తప్పించి సిగ్నల్ నేరుగా 68 కేకి ఇస్తే గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు వా కూడా దానితో పాటే మెత్తబడుతుంది, ఆ తేడా మొదటి తొక్కుకే తెలుస్తుంది. కానీ బఫర్ ఒక్కటే తీసి స్విచ్ అలాగే ఉంచకు. ఆ స్విచ్ ఆఫ్ చేసినా ఇన్‌పుట్‌కి సర్క్యూట్ తగిలే ఉంటుంది, పెడల్ ఆపినా టోన్ మసకబారిపోతుంది. డబుల్ పోల్ స్విచ్ వేసి ట్రూ బైపాస్ చెయ్, అంటే ఆపినప్పుడు సిగ్నల్ సర్క్యూట్‌ని తాకకుండా నేరుగా పోవాలి, ఈ రెండు పనులూ ఒకే రోజు అవ్వాలి. ఇక నీ చెవిలో గుచ్చే గోలకి మొదటి ట్రాన్సిస్టర్ ఎమిటర్ దగ్గర ఉన్న 390 ఓమ్స్ తీసి 470 గానీ 510 గానీ వెయ్, పాతవాటిలో ఉన్నది అదే. గెయిన్ కొంచెం తగ్గి కరుకుదనం పోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో నిమిషంలో దొరుకుతుంది. ఫాసెల్ ఆఖర్న చూసుకో.

ఒక జాగ్రత్త: ఈ మధ్య వచ్చిన జీసీబీ95లలో సర్ఫేస్ మౌంట్ పార్ట్‌లు ఉంటున్నాయి, మొదటిసారి చేసేవాళ్లకి అవి నరకం. కింద నాలుగు రబ్బరు కాళ్లు విప్పితే పలక ఊడి వస్తుంది, అమ్మేవాళ్లని లోపలి ఫోటో అడుగు. కాళ్లున్న రెసిస్టర్లు కనిపిస్తేనే తీసుకో.

ఎస్పీరోడ్_శ్రోత:
అన్న చెప్పింది కరెక్ట్, కానీ 33 కే విషయంలో నా అనుభవం వేరు. దాన్ని 47 కే చేశాక గానీ నా పెడల్‌కి ఆ మాట్లాడే గొంతు రాలేదు. పీక్ సన్నబడుతుంది, 'ఆ', 'ఓ' అచ్చులు విడివిడిగా వినిపిస్తాయి. 100 కే దాకా వెళ్తే మాత్రం ఈల వేసినట్టు ఉంటుంది, వద్దు. ఇంకోటి, ఖర్చు లేనిది: పాట్ మీద పళ్ల చక్రం ఉంటుంది కదా, దాన్ని పళ్ల పట్టీ నుంచి వదులు చేసి ఒక పన్ను వెనక్కి జరిపి మళ్లీ కూర్చోబెట్టండి. స్వీప్ (తొక్కినప్పుడు సౌండ్ కదిలే పరిధి) మొత్తం మడమ వైపు జరుగుతుంది, ముందుకు పూర్తిగా తొక్కినా ఆ సూది దాకా పోదు. ఐరన్ వేడి చేసే ముందు అది చేసి చూడండి.

కోఠి_సోల్డర్:
47 కే బాగుంటుంది, కాదనను. కానీ అది 67 నాటి సౌండ్ కాదు, తమ్ముడు అడిగింది అది. ముందు 33 మీదే వారం రోజులు వాయించనివ్వండి. పళ్ల చక్రం మాట మాత్రం బంగారం.

డాలస్_ఫజ్:
నేను ఇక్కడ పాత వీ847 వాడుతున్నాను, పేరు చివర ఏ లేనిది. అందులో అడాప్టర్ పెట్టే చోటే ఉండదు, బ్యాటరీ ఒక్కటే. వీ847ఏ వచ్చాక అడాప్టర్ జాక్‌తో పాటు ఇన్‌పుట్ బఫర్ కూడా పెట్టారు. కాబట్టి మీకు దొరికిన వోక్స్‌కి పవర్ జాక్ లేకపోతే అదే తీసుకోండి బ్రో, కోఠి అన్న చెప్పిన బఫర్ పని మీకు లేనట్టే. ట్రూ బైపాస్ మాత్రం చేసుకోవాలి.

మీ ఫజ్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అదే ముఖ్యం అనిపిస్తోంది. ఫజ్ ఫేస్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చాలా తక్కువ, వా దాని ముందుంటే ఫజ్ వా సిగ్నల్‌ని లాగేస్తుంది, స్వీప్ దాదాపు మాయమవుతుంది, ఒక్కోసారి ఊళ కూడా వేస్తుంది. మీరు ఎంత మోడ్ చేసినా అది పోదు. ఒక్కసారి ఫజ్ ముందుకి, వా వెనక్కి మార్చి వినండి. వా ముందే కావాలంటే వా బోర్డు చివర చిన్న ఔట్‌పుట్ బఫర్ పెట్టించండి, వా ఆన్‌లో ఉన్నప్పుడే పని చేసేలా.

ట్రాన్సిస్టర్లు మార్చే ఆలోచన ఉంటే ఒక మాట. జీసీబీ95లో ఉండే ఎంపీఎస్‌ఏ18 తీసి మన దగ్గర దొరికే బీసీ549సీ వేస్తే కాళ్ల వరస తలకిందులు. చదును వైపు తిప్పి పెట్టాలి. నేను చూసుకోకుండా పెట్టి, మళ్లీ తీయబోయి బోర్డు మీద ట్రాక్ లేపేశాను.

ఆరు_తీగలు:
అందరికీ చాలా థాంక్స్. రాత్రే ఫజ్ ముందుకి మార్చి విన్నాను, స్వీప్ అంతా కిందినుంచి పైదాకా వినిపించింది, ఇన్నాళ్లూ పెడల్‌నే తప్పుపట్టాను. వీ847 ఆయన ఫోటోలు పంపాడు: పవర్ జాక్ లేదు, బోర్డు మీద అన్నీ కాళ్లున్న పార్ట్‌లే, పాట్ మాత్రం గరగరమంటోందట. ఆదివారం వెళ్లి తెచ్చుకుంటున్నా. ముందు పన్ను జరిపి చూస్తాను, తర్వాత స్విచ్. కోఠి అన్నా, 100 కే పాట్ మామూలుది వేస్తే సరిపోతుందా?

కోఠి_సోల్డర్:
వద్దు. మామూలు పాట్ తిప్పితే వా అంతా ఒక మూలకే ముద్దగా చేరిపోతుంది. వా కోసమే చేసిన టేపర్ (తిప్పినప్పుడు విలువ మారే తీరు) ఉన్నది తెప్పించు, డన్‌లప్ హాట్ పాట్జ్ సరిపోతుంది. వచ్చేదాకా పాత పాట్‌లోనే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పాతికసార్లు తొక్కు, సగం గరగర పోతుంది.